అంతా పోయిందన్నారు, మళ్ళీ ఎలా వచ్చింది?

జగ్గయ్యపేట, నందిగామ వైపు ఎవరింట్లోనైనా క్యాన్సర్ బయటపడితే ముందున్నవి రెండు దారులు. ఇటు వస్తే విజయవాడ, ఇంకాస్త ముందుకెళ్తే మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం. అటు వెళ్తే కోదాడ, సూర్యాపేట దాటి హైదరాబాదు. అక్కడ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె., బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రులు. ఎటు బయల్దేరినా ముందు ఎక్కేది 65వ నంబరు హైవేనే. మొదటిసారి వెళ్ళేటప్పుడు అన్నదమ్ములు, బావమరుదులు, తోడికోడళ్ళు అంతా వెంట వస్తారు. ఆపరేషన్ అవుతుంది, కీమోలు ఎక్కిస్తారు, కరెంటు పెడతారు. ఆఖరి స్కాన్ చూసి డాక్టరు "ఏమీ లేదమ్మా, క్లియర్‌గా ఉంది" అన్నాక పెనుగంచిప్రోలు వెళ్ళి తిరుపతమ్మ తల్లికి మొక్కు చెల్లించుకుంటారు. మళ్ళీ పత్తి తీతలు, మిరప కోతలు, పిల్లల ఫీజులు.

రెండేళ్ళకో, మూడేళ్ళకో వదలని దగ్గు, లేదా నడుములో నొప్పి, లేదా పొట్ట ఉబ్బరం. ఈసారి బస్సెక్కేది భార్యాభర్తలిద్దరే. డాక్టరు గదిలో వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అంతా పోయిందన్నారు కదండీ, మళ్ళీ ఎట్లా వచ్చింది?"

ఆ ప్రశ్న వెనక పైకి అనని అనుమానాలు చాలా ఉంటాయి. ఆపరేషన్ సరిగా చేయలేదేమో. గుచ్చి ముక్క తీశారు కాబట్టి పాకిందేమో. పథ్యం తప్పామేమో. అన్నిటికంటే బరువైనది, "నేనే సరిగా చూసుకోలేదేమో" అని ఆమె భర్తో, ఆయన భార్యో లోపల్లోపల కుమిలిపోవడం. తిరగబెట్టిన క్యాన్సర్ల వెనక చాలావరకు ఈ కారణాలేవీ ఉండవు. ఉన్న కారణాలు వేరు. వాటిని అర్థమయ్యేలా చెప్పేంత తీరిక ఓపీలో డాక్టరుకు దొరకదు, వినే స్థితిలో వీళ్ళూ ఉండరు.

ముందు ఒక లెక్క చూద్దాం. సెంటీమీటరు గడ్డ, అంటే శనగగింజ కంటే కాస్త పెద్దది, అందులో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. మందు బ్రహ్మాండంగా పనిచేసి వెయ్యింటికి 999 కణాలను చంపిందనుకుందాం. ఇంకా 10 లక్షల కణాలు మిగులుతాయి. ఆ 10 లక్షలూ ఒకచోట చేరినా మిల్లీమీటరు మేర ఉంటాయి. పెట్ స్కానైనా సీటీ స్కానైనా అంత చిన్నదాన్ని పట్టలేవు. ఇక అవి ఒకచోట కాక ఎముక మూలుగలో కొన్ని, ఊపిరితిత్తుల్లో కొన్ని చెదిరి ఉంటే చెప్పేదేముంది? డాక్టరు "ఏమీ లేదు" అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు. యంత్రానికి ఏమీ కనపడలేదని దాని అర్థం. ఆ మాటకు, "పూర్తిగా నయమైంది" అనే మాటకు మధ్య ఉన్న దూరాన్ని మొదటి రోజే చెప్పి ఉంటే రెండోసారి పడే దెబ్బ కొంచెమైనా తగ్గేదని నా నమ్మకం.

ఆ దూరాన్ని ప్రపంచం మొదట తెలుసుకున్నది ఒక తెలుగువాడి మందు వల్ల.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. మద్రాసులో వైద్యం చదివి, మామగారి ఆర్థిక సాయంతో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారు కావాలి, దానికి ఈ విటమిన్ కావాలి. అయితే చూడటానికి ఫోలిక్ ఆమ్లంలా ఉండి, కణంలో దాని చోట కూర్చుని పని జరగనివ్వని పదార్థాన్ని ఇస్తే? అదుపు లేకుండా విభజన చెందే క్యాన్సర్ కణం ఆగిపోవాలి కదా. సుబ్బారావు బృందం అలాంటి పదార్థాలను తయారుచేసి బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రి డాక్టరు సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. అందులో ఒకటి అమినాప్టెరిన్. ఆ కుటుంబంలోదే తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్.

రక్త క్యాన్సర్‌తో చావుకు దగ్గరపడిన 16 మంది పిల్లలకు ఫార్బర్ బృందం అమినాప్టెరిన్ ఇచ్చింది. 10 మంది కోలుకున్నారు. మంచం దిగారు, ఆడుకున్నారు. పిల్లల్లో వచ్చే ఈ తీవ్రమైన రక్త క్యాన్సర్‌ను ఒక మందు ఇలా వెనక్కి నెట్టడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. 1948 జూన్‌లో ఫార్బర్ ఆ ఫలితాలు ప్రచురించినప్పుడు వ్యాసం పేరులోనే ఇవి తాత్కాలికమైన ఉపశమనాలని రాశాడు. కొన్ని నెలలకే జబ్బు మళ్ళీ వచ్చింది, పిల్లలు దక్కలేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కూడా పోయారు. 1922లో ఇల్లు విడిచి వెళ్ళాక ఆయన తిరిగి రానేలేదు. భార్య శేషగిరి ఆయన్ని మళ్ళీ చూడలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. 1950ల నడుమ అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ అనే చైనా డాక్టరు ఉండేవాడు. గర్భసంచిలో మాయ కణాల నుంచి పుట్టే ఒక క్యాన్సర్‌కు ఆయన మెథోట్రెక్సేట్ ఇచ్చాడు. ఊపిరితిత్తుల్లో గడ్డలు కరిగిపోయాయి, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కానీ గర్భం ఉన్నప్పుడు మూత్రంలో కనిపించే హార్మోను ఆ స్త్రీలలో ఇంకా కొద్దిగా కనపడుతూనే ఉంది. ఆ హార్మోనును తయారుచేసే కణాలు ఎక్కడో మిగిలాయనేది లీ వాదన. అది పూర్తిగా సున్నా అయ్యేవరకు మందు ఆపలేదు. గడ్డ పోయాక కూడా విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్ళు ఆగ్రహించారు, ఆయన ఉద్యోగం పోయింది. కాలం గడిచాక తేలిందేమిటంటే, గడ్డ కనపడకపోగానే మందు ఆపిన వారికి జబ్బు తిరగబెట్టింది, లీ చివరిదాకా మందు ఇచ్చినవారికి రాలేదు. శరీరంలో పాకిన గడ్డను మందుతోనే పూర్తిగా నయం చేయడం అదే మొదలు. 1972లో లాస్కర్ పురస్కారం పొందినవారిలో లీ కూడా ఉన్నాడు.

ఆపరేషన్‌లో గడ్డ మొత్తం తీసేశాక కూడా నెలల తరబడి కీమోలు ఎందుకని మనవాళ్ళు అడుగుతారు. ఇందుకే. అలబామాలో హోవార్డ్ స్కిపర్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తెలిసింది. ఒక్కో మోతాదు చంపేది ఇన్ని కణాలని కాదు, ఉన్నవాటిలో ఇంత వంతని. కోట్లలో ఉన్నప్పుడు ఎంత వంతు చస్తుందో, వేలల్లో ఉన్నప్పుడూ అంతే వంతు చస్తుంది. అందువల్ల నాలుగో కీమోకే ఒంట్లో హాయిగా ఉందని మిగతా రెండు ఎగ్గొట్టడం చాలా ప్రమాదం. వరినాట్లనో, పెళ్ళనో వాయిదా వేసుకునే ఆ చివరి కీమోలు పనిచేసేది కనపడని కణాల మీదే.

మరి పూర్తి కోర్సు చేసినవారికి, ఒక్క మాత్ర తప్పనివారికి కూడా ఎందుకు తిరగబెడుతుంది?

ఒక కారణం నిద్ర. గడ్డ నుంచి విడిపోయి రక్తంలో కొట్టుకుపోయిన కణాల్లో చాలావరకు చచ్చిపోతాయి. కొన్ని ఎముక మూలుగలాంటి చోట దిగి, విభజన మానేసి ఊరుకుంటాయి. కీమో మందుల్లో ఎక్కువ భాగం విభజన చెందే కణాన్ని కొట్టేవి. ఊరికే ఉన్నదాన్ని ముట్టవు. హార్మోను మీద ఆధారపడే రొమ్ము క్యాన్సర్‌లో ఈ నిద్ర చాలా పొడుగు. ఐదేళ్ళు హార్మోను మాత్రలు వాడి ఆపేసిన 62,923 మంది స్త్రీల వివరాలను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల నాయకత్వంలో పరిశీలించి 2017లో ప్రచురించారు. ఐదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు వరకు ఏటా కొందరికి జబ్బు తిరగబెడుతూనే ఉంది. కొందరికి టామోక్సిఫెన్ పదేళ్ళు వాడమని చెప్పేది అందుకే. రోజుకో చిన్న మాత్ర, పెద్ద ఖరీదు కూడా కాదు. ఏ బాధా లేదు కదా అని మూడో ఏట మానేసే స్త్రీలు ఎందరో. ఇంటాయన "మాత్ర వేసుకున్నావా?" అని రోజూ అడగడం కూడా వైద్యమే.

రెండో కారణం పత్తి రైతుకు నేను చెప్పక్కర్లేదు. బీటీ పత్తి 2002లో వచ్చినప్పుడు కాయతొలుచు పురుగుల పీడ వదిలిందనుకున్నాం. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకుంటోందని తేలింది. ఆ తర్వాత రెండు జన్యువులు పెట్టిన రకాన్నీ తట్టుకుంది. విత్తనం ఏ పురుగునూ కొత్తగా మార్చలేదు. లక్షల పురుగుల్లో తట్టుకునే గుణం ఉన్నవి ఎక్కడో కొద్దిగా ముందే ఉన్నాయి. మిగతావన్నీ చచ్చాక చేనంతా వాటి సంతానమే మిగిలింది. క్యాన్సర్ గడ్డలో జరిగేదీ అచ్చం ఇదే. గడ్డలో కణాలన్నీ ఒకే తీరువి కావని, వాటిలో బతకగలిగినవి ఎంపికవుతూ పోతాయని 1976లో పీటర్ నోవెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాశాడు. మొదటిసారి బాగా పనిచేసిన మందు రెండోసారి పనిచేయకపోవడం, అందుకని వేరే మందు మార్చడం ఇందువల్లే. రెండోసారి కూడా గుచ్చి ముక్క తీయాలనడం కూడా ఇందుకే. మొదటి గడ్డలో లేని గుణం రెండో గడ్డలో ఉండొచ్చు, ఉన్న గుణం పోయి ఉండొచ్చు. ఏ మందు పనిచేస్తుందో ఆ ముక్క చెప్పాలి. సూది గుచ్చితే పాకుతుందనే భయంతో ఆ పరీక్ష వద్దంటే గుడ్డిగా మందు వేసినట్టే.

పొలానికీ గడ్డకూ ఉన్న ఈ పోలికను పట్టుకుని ఒక డాక్టరు నిజంగానే కొత్త వైద్యం ఆలోచించాడు. ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ కేంద్రంలో రాబర్ట్ గేటెన్‌బీ పురుగుల యాజమాన్యం మీద వ్యవసాయ శాస్త్రవేత్తలు రాసినవి చదివాడు. పురుగును పూర్తిగా తుడిచిపెట్టాలని మందు దంచితే తట్టుకునేవే మిగులుతాయి, నష్టం హద్దులో ఉండేలా కొడితే మందుకు లొంగే పురుగులు కూడా బతికి తట్టుకునేవాటిని పెరగనివ్వవు. బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ప్యాకెట్టు ఇచ్చి చేను చుట్టూ వేయమన్నది కూడా లొంగే పురుగులను మిగల్చడానికే. దాన్ని వేసినవాళ్ళు తక్కువ. గేటెన్‌బీ బృందం నయం కాని దశలో ఉన్న ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులకు, రక్తపరీక్షలో అంకె సగానికి తగ్గగానే మందు ఆపి, మళ్ళీ మొదటి స్థాయికి పెరగగానే మొదలుపెట్టింది. 2017లో ప్రచురించిన 11 మంది ఫలితాల్లో మామూలుగా వాడే మందులో సగం కంటే తక్కువతోనే జబ్బు ఎక్కువకాలం అదుపులో ఉంది. పదకొండు మందితో వైద్యం మారిపోదు. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపకూడదు. కానీ ఆలోచన మారుతున్న తీరు ముఖ్యం. దూరంగా పాకి తిరగబెట్టిన చాలా క్యాన్సర్లలో వైద్యం పెట్టుకునే లక్ష్యం తుడిచిపెట్టడం కాదు, హద్దులో ఉంచడం. అలా ఏళ్ళు గడిపేవారు ఇప్పుడు ఎందరో ఉన్నారు.

తిరగబెట్టినదంతా ఆ కోవదే అనుకోకూడదు. ఆపరేషన్ చేసిన చోటే మళ్ళీ వచ్చిన రొమ్ము గడ్డకో, పేగు క్యాన్సర్ కాలేయంలో ఒకటి రెండు చోట్ల కనపడినప్పుడో నయం చేసే అవకాశం ఇంకా ఉంటుంది. అందుకే డాక్టరును నేరుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈ వైద్యం నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా?" చాలామంది దంపతులు ఈ ప్రశ్న అడగరు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. పొలం అమ్మాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆ జవాబు తెలియకుండానే తీసుకుంటారు.

"ఒక నెల ముందు చూపించి ఉంటే" అనే బాధకు కూడా శాస్త్రం కొంత జవాబు చెప్పింది. అండాశయ క్యాన్సర్ తగ్గినవారిలో సీఏ-125 అనే రక్తపరీక్ష అంకె, జబ్బు లక్షణాల కంటే నెలల ముందే పెరుగుతుంది. అంకె పెరగగానే 265 మందికి కీమో మొదలుపెట్టి, 264 మందికి లక్షణాలు కనపడేదాకా ఆగి యూరప్‌లో పోల్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు గుంపులూ బతికిన కాలంలో తేడా లేదు. ముందు మొదలుపెట్టినవారు కీమో బాధ మాత్రం ఎక్కువ కాలం పడ్డారు. అన్ని క్యాన్సర్లకూ ఈ మాట వర్తించదు. కానీ ప్రతి నెలా ల్యాబ్ కాగితం మీద అంకె కోసం ఊపిరి బిగబట్టే జంటలకు, ఒక నెల ఆలస్యమైందని తమను తాము తిట్టుకునే భర్తలకు ఈ సంగతి తెలియాలి.

ఇక రెండోసారి బస్సెక్కే ఆ భార్యాభర్తలిద్దరి గురించి. జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఏ రామారావు పేరు ఈ జిల్లాకు పెట్టారో ఆయన భార్య బసవతారకం క్యాన్సర్‌తో 1985లో చనిపోయారు. అప్పుడాయన ముఖ్యమంత్రి. ఆమె పేరిట క్యాన్సర్ ఆసుపత్రి రావాలన్నది ఆయన కోరిక. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి న్యూయార్క్‌లో పేరు పొందిన రేడియేషన్ వైద్యుడు నోరి దత్తాత్రేయుడు వంటివారు దానికి తోడు నిలిచారు. 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి దాన్ని ప్రారంభించేనాటికి రామారావు పోయి నాలుగేళ్ళు దాటింది. ఈ ప్రాంతపు దంపతులెందరో ఇప్పుడు ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు చేతపట్టుకుని ఆ ఆసుపత్రి వరండాలో టోకెన్ కోసం కూర్చుంటున్నారు.

జీవిత భాగస్వామి తోడుండటం వైద్యంలో ఎంత పనిచేస్తుందో లెక్కగట్టినవారున్నారు. అమెరికాలో 7,34,889 మంది క్యాన్సర్ రోగుల వివరాలతో 2013లో వచ్చిన అధ్యయనంలో, పెళ్ళయి భాగస్వామితో ఉన్నవారు క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం మిగతావారికంటే 20 శాతం తక్కువని తేలింది. జబ్బు త్వరగా బయటపడటం, వైద్యం మధ్యలో ఆపకపోవడం వంటివి అందుకు కారణాలుగా కనిపించాయి. అదే దేశంలో 2009లో 515 మంది రోగులపై వచ్చిన ఇంకో అధ్యయనం మనసు కలచివేస్తుంది. తీవ్రమైన జబ్బు భర్తకు వచ్చిన జంటల్లో విడిపోయినవి 2.9 శాతం, భార్యకు వచ్చిన జంటల్లో 20.8 శాతం. మన దగ్గర ఇది విడాకుల లెక్కల్లోకి రాదు. "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రా" అనే మాటలో ఉంటుంది. వేరే కంచం, వేరే గ్లాసు, వేరే మంచం అనే ఏర్పాటులో ఉంటుంది. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. కీమో ఎక్కించిన రెండు మూడు రోజులు మూత్రం, వాంతులు శుభ్రం చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి, ఆ రోజుల్లో కలయికకు నిరోధ్ వాడాలి. అది మందు అంటకుండా తీసుకునే జాగ్రత్త.

భాగస్వామి పని ఎంత కీలకమో ఒక రాత్రి చాలు చెప్పడానికి. కీమో అయిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాల కౌంట్ బాగా పడిపోతుంది. అర్ధరాత్రి ఆమెకు ఒళ్ళు కాలుతుంది. థర్మామీటర్ పెడితే 101. డోలో వేసి తెల్లారాక చూద్దామనిపిస్తుంది, ఎందుకంటే మామూలు రోజుల్లో అంతే చేస్తాం. తెల్లకణాలు లేనప్పుడు చీము పట్టదు, వాపు రాదు, గొంతు ఎర్రబడదు. ఉండే గుర్తు జ్వరమొక్కటే. సూక్ష్మజీవి గంటల్లో రక్తమంతా పాకుతుంది. 100.4 ఫారన్‌హీట్ చేరిందంటే అదే అత్యవసరం. అప్పుడే 108కి ఫోన్ చేయాలి, ఆసుపత్రి గుమ్మంలో మొదట చెప్పాల్సిన మాట "కీమో అయి పది రోజులైంది" అని. యాంటీబయాటిక్ సూది గంటలోపు పడాలి. వత్సవాయి మండలంలో ఓ పల్లె నుంచి విజయవాడ చేరడానికి పట్టే సమయం తలచుకుంటే, తెల్లారేదాకా ఆగిన ఒక్కో గంట ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

ఇంకో సంగతి డాక్టరు గదిలో జరుగుతుంది. "ఎలా ఉన్నారమ్మా?" అంటే ఆమె "బాగానే ఉన్నానండీ" అంటుంది. పగలంతా మంచం మీదే ఉంటోందని, రాత్రి నొప్పికి నిద్రపోవడం లేదని పక్కన నిలబడ్డ భర్తకు తెలుసు. నోరు విప్పడు. రోజులో ఎంతసేపు మంచం మీద గడుస్తోందన్న దాన్ని బట్టే డాక్టరు తర్వాతి మందు, దాని మోతాదు నిర్ణయిస్తాడు. న్యూయార్క్‌లో 766 మంది రోగులతో జరిగిన అధ్యయనంలో, బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్ ద్వారా డాక్టరు బృందానికి తెలిపినవారిలో సగం మంది 31.2 నెలలకు మించి, మామూలు పద్ధతిలో ఉన్నవారిలో సగం మంది 26 నెలలకు మించి బతికారు. కొత్త మందేమీ లేదు, చెప్పడం ఒక్కటే తేడా. ఇరవై రూపాయల నోటుపుస్తకంలో తేదీ, జ్వరం, వాంతులు, నొప్పి పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు అని రోజూ రాసి తీసుకెళ్తే మన దగ్గరా ఆ పని జరుగుతుంది.

నొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉపశమన వైద్యం అంటే ఆశ వదులుకున్నాక వెళ్ళేదని మనలో పాతుకుపోయింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిలో సగం మందికి కీమోతో పాటు మొదటి నుంచే ఉపశమన వైద్యం ఇస్తే వాళ్ళ దిగులు తగ్గడమే కాదు, బతికిన కాలం కూడా 8.9 నెలల నుంచి 11.6 నెలలకు పెరిగిందని 2010లో బోస్టన్‌లో తేలింది. నొప్పికి మార్ఫిన్ బిళ్ళ దొరకడం 2014 చట్ట సవరణతో తేలికైంది. ఎం.ఎన్.జె.లో అందుకు ప్రత్యేక విభాగమే ఉంది. రెండోసారి జబ్బు బయటపడిన రోజే "ఆ డాక్టర్లకు కూడా చూపించండి" అని అడగడం రోగి హక్కు.

చూసుకునేవారి దిగులు రోగి దిగులుకు ఏమాత్రం తీసిపోదని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. రోగి అయినా, రోగి భార్య అయినా ఆడవారిలోనే అది ఎక్కువట. ఆయనకు జబ్బొస్తే ఆమె చాకిరీకి సెలవుండదు. ఆమెకు జబ్బొస్తే వంటింటి పనిలో సగం ఇంకా ఆమే చేస్తుంటుంది. ఆ ఇంటికి చూడటానికి వెళ్ళేవాళ్ళకు నాది ఒక్కటే మనవి. ఫలానా చెట్టు ఆకు వాడారా, పథ్యం చేశారా అని అడక్కండి. "ఈ పూట మేం ఉంటాం, నువ్వు పోయి పడుకో" అని ఆ చూసుకునే మనిషితో చెప్పండి. ఈసారి ఆసుపత్రికి ఫైలు పట్టుకుని వెంట వెళ్ళేది మీరే అవ్వండి.